అత్తాకోడళ్ల ఈత

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ మిషనమ్మే. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మిషను మీద ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ, ఆ గుడ్డ మీదికి వంగిన తల. పొద్దున రేవుకు పోయేవాళ్లకూ అదే కనబడేది, సాయంత్రం తిరిగొచ్చేవాళ్లకూ అదే కనబడేది. "మిషనమ్మా, ఈ ప్యాంటు సాయంత్రానికల్లా కావాలి" అని ఎవరైనా కిటికీలోంచి విసిరేస్తే, "నాకున్నవి రెండు చేతులేనయ్యా" అని గొణిగేది. సాయంత్రానికి ఆ ప్యాంటు మడత పెట్టి కిటికీలోనే ఉండేది.

ఆ ఊరున్న దీవిలోనే పుట్టింది గాని రేవులో కాదు, నడిమధ్య కొండమీద. అక్కడి తోటల్లో కూలీల ఇళ్ల వరుసలో పెరిగింది. చెట్ల సందుల్లోంచి సముద్రం ఒక నీలం గీతలా కనబడేది, అంతవరకే దానితో పరిచయం. పెళ్లై కిందికి దిగొచ్చిన కొత్తలో ఒకరోజు చేపలు కొనడానికి రేవుకెళ్లింది. సరిగ్గా అప్పుడే ఒక పడవలోంచి నలుగురు ఒక మనిషిని మోసుకొచ్చి గట్టుమీద పడుకోబెట్టారు. పోయిన మనిషిని చూడటం ఆమెకు కొత్తేం కాదు. కానీ అతని చొక్కా జేబులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఎంతసేపటికీ ఆగలేదు. ఆమె ఖాళీ సంచితో ఇంటికొచ్చేసింది. ఆ రోజు నుంచి సముద్రంలో కాలు తడపలేదు. చేపలు కూడా గుమ్మంలోకి తెచ్చేవాళ్ల దగ్గరే కొనేది.

భర్త రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మంచివాడు. ఎంత మంచివాడంటే, ఇంట్లో తల్లికీ పెళ్లానికీ ఏళ్ల తరబడి మాటల్లేకపోయినా, "ఇదేమిటి" అని ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు. భోజనానికి కూర్చునేవాడు, కంచంలోకి చూసుకుంటూ తినేవాడు, చేయి కడుక్కుని లేచేవాడు.

మాటలు పోవడానికి కారణం ఒకే ఒక్క మాట. అప్పటికి పెళ్లై ఆరేడేళ్లు. పిల్లలు కలగలేదు. ఒకరోజు పక్కింటావిడ మనవరాలికి గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. మిషనమ్మ ఆ గౌనుకు చిన్న చిన్న కుచ్చిళ్లు పెడుతోంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని, "మా అబ్బాయి ఈ మిషను కొన్నప్పుడు ఇంట్లోకి చిన్న బట్టలు కుడుతుందనుకున్నాను. ఊళ్లోవాళ్ల పిల్లలకు కుట్టడానికే సరిపోయింది దీని బతుకు" అంది.

మిషనమ్మ తలెత్తలేదు. కుచ్చిళ్లన్నీ సరిగ్గా పెట్టింది, బొత్తాలు కుట్టింది, గౌను ఇస్త్రీ చేసి ఇచ్చింది. అంతే, ఆ రోజు నుంచి 'అత్తయ్యా' అన్న పిలుపు ఆమె నోట మళ్లీ రాలేదు. పనులన్నీ చేసేది. అన్నం వేళకి పెట్టేది. పిలుపు మాత్రం లేదు. ముసలావిడ తక్కువ తిందా? తానూ కోడలితో నేరుగా మాట్లాడటం మానేసింది. గోడ గడియారాన్ని మధ్యవర్తిగా పెట్టుకుంది. "నాలుగైంది. ఈ ఇంట్లో మనుషులకు టీ పడుతుందో పడదో" అని గడియారంతో అనేది. "పాలు విరిగాయి. తాగితే పాలు లేని టీ తాగాలి" అని కోడలు గుడ్డతో అనేది. అలా ఒక ఇంట్లో ఇద్దరాడవాళ్లు ఇరవై ఏళ్ల పైచిలుకు గడిపేశారు. తల్చుకుంటే నవ్వొస్తుంది గాని, పడ్డవాళ్లకు తెలుస్తుంది అందులో ఎంత ఉక్కపోత ఉందో.

అత్తగారికి డెబ్బై దాటాక ఒక వానాకాలంలో పెరట్లో కుళాయి దగ్గర కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. నెలల తరబడి మంచం. కోడలే ఒళ్లు తుడిచింది, కోడలే మంచం కిందికి గిన్నె పెట్టింది, కోడలే పక్క మార్చింది. ముసలావిడ కళ్లు మూసుకుని చేయించుకునేది. "నొప్పిగా ఉంది" అన్నా సరే, అది గడియారంతోనే.

ఎముక అతుక్కుంది గాని కాలు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఆ కాలిని వంచి చూసి, "నేల మీద నడిస్తే నొప్పి భరించలేరు మామ్మగారూ. నీళ్లలో నడవాలి. ఛాతీ దాకా నీళ్లుంటే కాలి మీద బరువు పడదు. ఎక్కడైనా ఈత కొలనుకు తీసుకెళ్లగలరా?" అని అడిగింది.

"కొలను పెద్ద హోటల్లో ఉంది. అందులోకి మమ్మల్నెవరు రానిస్తారమ్మా?" అన్నాడు కొడుకు.

"చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని కొలనెందుకో" అంది ముసలావిడ, పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ.

"అలలుంటాయి కదా మామ్మగారూ. తోసేస్తాయి."

"అలలు రాని చోటు నాకు తెలుసు."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. పడమటి కొండ దాటాక బస్సు ఆగిపోయే చోటు నుంచి కాలిబాట కిందికి దిగుతుందనీ, అక్కడ నీళ్లు గిన్నెలో పోసినట్టు కదలకుండా ఉంటాయనీ చెప్పింది. తను పుట్టి పెరిగింది ఆ పక్కనే అంది. ఆ ఇంట్లో అన్నేళ్లున్న కోడలికి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు.

తీసుకెళ్లేది ఎవరు అన్నదే ప్రశ్న. ఐసు ఫ్యాక్టరీకి సెలవుల్లేవు. మిషనమ్మకు బుధవారం సెలవు, ఆ రోజు కిటికీ మూసి ఉంటుంది. ఇంటికొచ్చాక అంట్లు తోముతూ భర్తతో అంది:

"నాకు నీళ్లంటే భయమని తెలుసుగా మీకు."

"నువ్వు దిగక్కర్లేదు. ఒడ్డున కూర్చో. అమ్మ నెమ్మదిగా ఏదో ఒకటి పట్టుకుని నడుస్తుంది."

"సముద్రంలో పట్టుకోడానికి ఏముంటుందండీ? మెట్లా, కమ్మీలా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అదీ నిజమే" అని లేచి బయటికెళ్లిపోయాడు.

బుధవారం వచ్చింది. ఇద్దరూ బస్సెక్కారు. ముసలావిడ కిటికీ పక్కన, కోడలు నడవా పక్కన, మధ్యలో చేతికర్ర. గడియారం లేని చోట మాట్లాడుకోవడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు. బస్సు కొండెక్కి, దిగి, ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణించి బాదం చెట్ల నీడలో బాట. ఎర్రటి ఆకులు రాలి మెత్తగా ఉంది. ముసలావిడ కర్ర మీద ఒక చేయి, కోడలి భుజం మీద ఒక చేయి వేసి దిగింది. చివరి చెట్టు దాటేసరికి ఒక్కసారిగా వెలుతురు.

మిషనమ్మ ఆగిపోయింది. ఆమె ఎరిగిన సముద్రం రేవులోది. నూనె తెట్టె, పడవల పొగ, చేపల నీచు వాసన, గట్టును బాదే నల్లటి అలలు. ఇది అది కాదు. అర్ధచంద్రాకారంలో చిన్న ఒడ్డు, జల్లించిన పిండిలాంటి ఇసుక, రెండు కొసల్లో నల్లరాళ్లు. దూరంగా నీళ్లలో మునిగిన రాళ్ల వరస ఒకటి అలలన్నిటినీ అక్కడే విరగ్గొట్టేస్తోంది. ఇవతలికి చప్పుడు మాత్రమే వస్తోంది, అదీ మెల్లగా. ఒడ్డు దగ్గర నీటికి రంగే లేదు. కాస్త లోపల లేతాకుపచ్చ, ఆ పైన నీలం. అడుగున ఇసుక మీద సూర్యకాంతి వలలా కదులుతోంది. మనుషులెవరూ లేరు. చెట్ల కింద ఒక పాక, అందులో ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిచ్చే ఒకాయన. ఆయన కూడా తన కుర్చీలో నిద్రపోతున్నాడు.

"ఎవరూ రారేం ఇక్కడికి?" అనుకుంది పైకే.

"హోటళ్లవాళ్లు తెచ్చేది అటువైపు పెద్ద ఒడ్డుకి" అన్నాడు కుర్చీలాయన, కళ్లు తెరవకుండా. "ఇక్కడ పాట వాయించేవాళ్లు లేరు, పడవ లాగేవాళ్లు లేరు. ఈత తప్ప ఇంకో పని లేదు. అందుకే రారు."

నీళ్లలోకి దిగడానికని మిషనమ్మ అత్తగారికి ఒక పొడుగాటి నూలు గౌను కుట్టి తెచ్చింది. ఒళ్లంతా కప్పేట్టు, మర్యాదగా. తనకు మాత్రం ఏం కుట్టుకోలేదు, దిగే ఉద్దేశం లేదు కనుక. ముసలావిడ చీలమండల దాకా దిగి, కర్ర ఇసుకలో గుచ్చబోయి తూలింది. కోడలు పరుగెత్తి పట్టుకుంది. అలా పట్టుకోవడంలో చెప్పుల్తో సహా నీళ్లలో నిలబడి ఉంది. పాదాల చుట్టూ నీళ్లు వెచ్చగా ఉన్నాయి. అది ఆమె ఊహించనిది. సముద్రం చల్లగా ఉంటుందనీ, చావు చల్లగా ఉంటుంది కనుక ఇదీ అంతేననీ మనసులో ఎక్కడో పడిపోయింది.

"గట్టిగా పట్టుకో అమ్మాయ్. ఇంకొంచెం లోపలికి" అంది అత్తగారు.

మోకాళ్లు. తొడలు. కోడలు పళ్లు బిగించి ఒక్కో అడుగూ వేసింది. నడుము దాకా వచ్చేసరికి ముసలావిడ గౌనులోకి గాలి దూరి బుడగలా ఉబ్బింది. ఎంత నొక్కినా ఒక పక్క అణిగితే ఇంకో పక్క లేస్తోంది. చివరికి ఆవిడ తల ఒక పెద్ద తెల్లటి గుడారం మీద పెట్టినట్టుంది. కుర్చీలాయన లేచి కూర్చుని చూస్తున్నాడు.

"దర్జీ పనితనం" అంది ముసలావిడ.

మిషనమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే గౌను వెనక కుట్టు పట్టుకుని చింపేసింది. గాలి బుస్సుమని పోయింది. అప్పుడు చూసింది, ఆ బిగుసుకుపోయిన కాలు నీళ్లలో వంగడం. మెల్లగా వంగింది, మళ్లీ చాపుకుంది. ముసలావిడ ముఖంలో ఇన్నాళ్లుగా ఉన్న ముడి ఏదో విడిపోయింది. అటూ ఇటూ నడిచింది. నీళ్లు ఛాతీ దాకా రాగానే చేతులు రెండూ చాపి, ఎవరో పక్క పరిచినట్టు వెల్లకిలా వాలిపోయింది. కోడలు కెవ్వుమంది. ముసలావిడ తేలుతోంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఉండగా మిషనమ్మకు గుర్తొచ్చింది. నీళ్లలో తనను 'అమ్మాయ్' అంది.

తర్వాతి వారానికి ఆమె బాగా ఆలోచించి గుడ్డ ఎంచింది. నూలు నీళ్లు తాగి బరువెక్కుతుంది, కనుక పనికిరాదు. స్కూలు పిల్లల ఆటల దుస్తుల కోసం తెప్పించిన పాలిస్టరు మిగిలి ఉంది. ముదురు నీలం, పక్కల తెల్ల చార. దానితో మోకాళ్ల కిందికి వచ్చే ప్యాంటూ, తుంటి దాకా వచ్చే చొక్కా కుట్టింది. అంచుల్లో కర్టెన్లకు వేసే చిన్న సీసపు బిళ్లలు పెట్టి మూసేసింది, పైకి లేవకుండా. తనకూ ఒక జత కుట్టుకుంది. నడుం దాకా దిగక తప్పట్లేదు, ఉన్న బట్టలన్నీ ఉప్పునీళ్లకు పాడైతే ఎలాగని తనకు తాను చెప్పుకుంది. ఇద్దరూ ఒకే రకం బట్టల్లో ఒడ్డుమీదికి వచ్చేసరికి కుర్చీలాయన, "పోటీలు ఏ ఊళ్లో?" అని అడిగాడు.

అలా వారం వారం సాగింది. నీళ్లలో నిలబడి ఎంతసేపని మౌనంగా ఉంటారు? ముసలావిడ నడుస్తూ ఏదో ఒకటి చెప్పేది. చిన్నప్పుడు ఈ ఒడ్డున అన్నదమ్ములతో పందెం వేసి ఈదేదట. ఊపిరి బిగబట్టి అడుగునుంచి గవ్వలు తెచ్చేదట. పెళ్లై రేవు ఇంటికి వెళ్లిన మర్నాడే, "ఈ ఇంటి ఆడవాళ్లు తడిబట్టలతో బయట కనబడరు" అన్నాడట మామగారు.

"అంతే?" అంది మిషనమ్మ. "ఆయన పోయాకైనా వచ్చి ఉండొచ్చుగా?"

"పోయేసరికి నాకూ అలవాటైపోయింది. అలవాటైపోయాక ఆయన అక్కర్లేదు, నేనే చాలు."

మిషనమ్మ ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించింది. ముసలావిడ మీద జాలి కలుగుతోందని తెలిసి తన మీద తనకే కోపం వచ్చింది. ఇన్నేళ్ల కోపం అంత తేలిగ్గా పోతే, అన్నేళ్లూ మోసినందుకు విలువేముంటుంది?

ఒక బుధవారం, ముందు రోజు గట్టి వాన పడింది. అడుగున ఇసుక అక్కడక్కడా కోసుకుపోయింది. పైకి ఏమీ తెలియదు. మిషనమ్మ అత్తగారి చేయి పట్టుకుని ఎప్పటిలాగే నడుస్తోంది. ఒక అడుగు వేసింది, కింద నేల లేదు. బుడుంగుమంది. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్లు. పైకి రాగానే దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుంది. దొరికింది ముసలావిడ మెడ.

"అత్తయ్యా! అత్తయ్యా!"

ఇద్దరూ మునిగారు, లేచారు, మళ్లీ మునిగారు. ముసలావిడ పక్కకు తిరిగి, చేయి ఊడదీసుకుని, కోడలి చెంప మీద ఛెళ్లున ఒకటిచ్చింది.

"నన్నొదులు! వెల్లకిలా పడుకో! తల వెనక్కి వెయ్యి!"

ఆ దెబ్బకు నివ్వెరపోయి మిషనమ్మ పట్టు వదిలేసింది. తల వెనక్కి పడింది. చెవులు నీళ్లలో మునిగి లోకమంతా చప్పుడాగిపోయింది. పైన ఆకాశం. ముసలావిడ ఆమె చొక్కా కాలరు పట్టుకుని, ఒంటిచేత్తో ఈదుతూ లోతు లేని చోటికి లాక్కొచ్చింది. కుర్చీలాయన అప్పటికే నడుం దాకా దిగి ఎదురొచ్చాడు.

బస్సులో మిషనమ్మ వణుకుతూ కూర్చుంది. ఆ పూటకు ముసలావిడ ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో. ఊరుకోలేదు.

"పిలవక పిలవక ఇన్నేళ్లకు పిలిచావు. చావబోతే గాని నీ నోట ఆ మాట రాలేదు" అంది.

మిషనమ్మ తిరిగి ఆవిడ ముఖంలోకి చూసింది. బస్సులో ఇంకా మనుషులున్నారు. ఆమెకు ఎవరూ కనబడలేదు.

"మీరన్న మాటకు పోయింది అది. ఏ మాటో మీకు తెలుసు. నాకు పిల్లలు లేరన్న సంగతి నాకు తెలియదా? మీరు పక్కింటావిడకు చెప్పాలా? ఆ గౌనుకు కుచ్చిళ్లు పెడుతూ నేనేం అనుకుంటున్నానో మీకు తెలుసా?"

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ముసలావిడ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. ఇల్లు చేరేదాకా ఆ తల ఇటు తిరగలేదు.

ఆ తర్వాతి బుధవారం ఎవరూ బయల్దేరలేదు. నీలం బట్టలు పెరట్లో తాడు మీదే ఉన్నాయి. ఇంట్లో గడియారానికి కూడా మాటలు రాలేదు. భర్త ఇద్దరి ముఖాలూ చూసి, రెండు ముద్దలు ఎక్కువే తిని వెళ్లిపోయాడు.

పై బుధవారం మిషనమ్మ దారం రీళ్లు కొనడానికి బజారుకెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పెరట్లో లేదు, పక్కింట్లో లేదు. తాడు మీద ఒక జత నీలం బట్టలు లేవు. రీళ్ల సంచి అక్కడే పడేసి బస్టాపుకు పరుగెత్తింది. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. చేపల వ్యాను ఒకటి కొండవైపు పోతోంటే చేయెత్తి ఆపి, ఐసుపెట్టెల మధ్య కూర్చుని వెళ్లింది. దారంతా రేవు గట్టు మీద పడుకోబెట్టిన ఆ మనిషే కళ్లముందు. ఎంత వద్దనుకున్నా ఆ ముఖం మారి ఇంకో ముఖమవుతోంది.

బాదం చెట్ల కింద ఎలా దిగిందో ఆమెకు గుర్తులేదు. పాక మూసి ఉంది. ఒడ్డున చేతికర్ర నిలువుగా గుచ్చి ఉంది. దాని పక్కనే, నీళ్లు వచ్చి పోయే అంచున, ముసలావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నడుం దాకా తడి, ఒళ్లంతా ఇసుక. ఒక్కతే లోపలికి నడవబోయి పడింది. పడ్డాక లేవలేకపోయింది. ఎంతసేపైందో, ఎండకు ముఖం కందిపోయింది.

మిషనమ్మ రొప్పుతూ ఎదురుగా నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచింది గాని ఊపిరి అందలేదు.

"ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను" అంది అత్తగారు. తర్వాత నీళ్ల వైపు చూస్తూ, కోడలితోనే అంది: "ఆ మాట నాకు గుర్తుంది. అన్న మరుక్షణం నుంచి గుర్తుంది. వెనక్కి తీసుకుందామంటే ఎలా తీసుకోవాలో తెలియలేదు. రోజులు గడిచినకొద్దీ ఇంకా తెలియలేదు. పిచ్చిదాన్ని, గడియారంతో చెప్పుకుంటూ కూర్చున్నాను."

మిషనమ్మ ఆమె పక్కన ఇసుకలో కూలబడింది. కాసేపు ఏడ్చింది. ముసలావిడ ఆమెను ఓదార్చలేదు, తనూ ఏడవలేదు. ఇసుక చేత్తో ఆమె వీపు మీద రెండుసార్లు తట్టింది, అంతే. క్షమించడం అంటే ఏమిటో మిషనమ్మకు ఆ పూట తెలియలేదు. ఆ గౌను సంగతి తర్వాత కూడా అప్పుడప్పుడు గుచ్చుకునేది. కానీ ఎదురుగా ఎండలో మాడిపోతున్న మనిషి ఉంది, ముందు ఆ పని చూడాలి.

"లేవండి అత్తయ్యా" అంది. "ఎండెక్కుతోంది."

"ఇంటికా?"

మిషనమ్మ నీళ్ల వైపు చూసింది. గోతులెక్కడున్నాయో తెలియదు. "ఇంతదూరం వచ్చి ఊరికే పోతామా?" అంది. కట్టుకున్న బట్టలతోనే దిగింది.

ఈత నేర్చుకోవడం ఆ రోజే మొదలైంది గాని ఆ రోజే రాలేదు. ముసలావిడ ఓపిక లేని గురువు. "కాళ్లు కొట్టు, మిషను తొక్కేటప్పుడు ఆడతాయిగా!" అని అరిచేది. "మిషను మునగదు!" అని కోడలు అరిచేది. వాళ్ల అరుపులకు కుర్చీలాయనకు నిద్ర కరువైంది, పోగా పోగా ఆయనకు అదే కాలక్షేపమైంది. కొన్ని వారాలకు మిషనమ్మ తేలడం నేర్చింది. ఒక ఎండాకాలం గడిచేసరికి ఈ రాళ్ల నుంచి ఆ రాళ్ల దాకా, మధ్యలో కాలు కింద పెట్టకుండా ఈదగలిగింది. మొదటిసారి అలా ఈది అవతలి రాయి పట్టుకుని వెనక్కి చూస్తే, ముసలావిడ నీళ్లలో నిలబడి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతోంది.

వీధిలో ఈ సంగతి దాగుతుందా? మొదట నవ్వారు. "ఈ వయసులో అత్తాకోడళ్లకు జలకాలాటలేమిటి?" అన్నారు. తర్వాత నడుం నొప్పి ఉన్న ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "మిషనమ్మా, ఆ నీలం జత నాక్కూడా కుడతావా?" అని అడిగింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. కొన్నాళ్లకు బుధవారం ఆ బస్సులో వెనక సీట్లన్నీ ఆ వీధి ఆడవాళ్లవే. అత్తగారు కర్ర పట్టుకుని ముందు సీట్లో, సైన్యాధ్యక్షురాలిలా.

అలా నాలుగైదేళ్లు నడిచింది. కాలు పూర్తిగా బాగుపడలేదు గాని ఆవిడ పెరట్లోకీ వీధిలోకీ తనంత తాను తిరిగింది. చివరికి ఒక చలికాలం జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, వారం రోజుల్లో పోయింది. పోయే ముందు రోజు కోడలు చెంచాతో నీళ్లు పోస్తుంటే, "చాలమ్మాయ్, మింగుడు పడట్లేదు" అంది. అదే ఆఖరి మాట. చెప్పుకోదగ్గ మాటేం కాదు గాని మిషనమ్మతో నేరుగా అన్నది.

కొన్నాళ్లపాటు మిషనమ్మ బుధవారం కూడా కిటికీ తెరిచే ఉంచింది. మిషను తొక్కుతూనే ఉండేది. ఆడవాళ్లు పిలిచినా, పని ఉందనేది. ఒక బుధవారం భర్త ఫ్యాక్టరీకి పోకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం, ఒంట్లో బాగాలేదా?" అంది.

"సెలవు పెట్టాను. అమ్మ వెళ్లే చోటు నేనెప్పుడూ చూడలేదు."

ఇద్దరూ వెళ్లారు. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా బిడియంగా నీళ్లలో నిలబడ్డాడు. ఆమె చేయి పట్టుకుని లోపలికి నడిపించింది. వెల్లకిలా పడుకోమంది. ఆయన పడుకున్నాడు, మునిగాడు. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ మునిగాడు.

"ఒళ్లు బిగబట్టకండీ. ఐసు కూడా తేలుతుంది, మీరెందుకు మునుగుతారు?"

ఆయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. తల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి. "ఒక్కసారి అడిగుండాల్సింది. ఎందుకు మాట్లాడుకోవట్లేదని మిమ్మల్ని ఒక్కసారి అడిగుండాల్సింది" అన్నాడు. మిషనమ్మ ఆయన భుజం పట్టుకుని నిలబడింది. "అడిగినా మేం చెప్పేవాళ్లం కాదులెండి" అంది. అది కొంత నిజం, కొంత ఆయన కోసం.

ఆయనకు ఈత రాలేదు. సెలవు దొరికిన బుధవారాల్లో వెళ్లి మెడలోతు నీళ్లలో నిలబడి, అదే పెద్ద ఘనకార్యంలా సంతోషపడేవాడు. మిషనమ్మ మాత్రం ఆడవాళ్లు బట్టలు మార్చుకుంటూ కబుర్లాడుతుండగానే నీళ్లలోకి దిగిపోయేది. తొందర లేకుండా చేతులు వేసుకుంటూ, లేతాకుపచ్చ దాటి నీలంలోకి వెళ్లేది. అక్కడ కాసేపు తల వెనక్కి వేసి తేలేది. బస్సు వేళైందని ఒడ్డునుంచి ఎవరో కేకేస్తే, "వస్తున్నా, ఉండండి" అని బదులిచ్చి, ఇంకొంచెం సేపు ఉండి వచ్చేది.